చెక్కు బౌన్స్ కేసులో వరుస పనులు, సీనియర్ ఆమోదం: సాఫ్ట్‌వేర్‌లో అమర్చుకోవడం ఎలా?

“సీనియర్ చూడకుండా నోటీసు గడప దాటకూడదు. గుమాస్తా పోస్టు చేసేదాకా తర్వాతి పని ఎవరికీ కనబడకూడదు. సాఫ్ట్‌వేర్‌లో ఇలా పెట్టుకోవచ్చా?” లాయర్ల ఆఫీసుల నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఈ ప్రశ్నవే. పెట్టుకోవచ్చు. ప్రోగ్రామింగ్ రానక్కరలేదు. ఒక మధ్యాహ్నం కూర్చుంటే అమర్చడం అయిపోతుంది. సరిగ్గా అమరిందో లేదో చూసుకోవడానికి మాత్రం ఇంకో మధ్యాహ్నం కావాలి. చాలామంది ఆ రెండో మధ్యాహ్నాన్ని ఎగ్గొట్టి అక్కడే దెబ్బ తింటారు.

ఉదాహరణకు చెక్కు బౌన్స్ కేసు తీసుకున్నాను. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద వేసే ఈ కేసులో పనుల వరుసను మనం కనిపెట్టనక్కరలేదు, చట్టమే రాసిపెట్టింది. చెక్కు తిరిగి వచ్చిందని బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక చెక్కు ఇచ్చినవారికి 15 రోజుల గడువు. అప్పటికీ డబ్బు రాకపోతే ఒక నెలలోగా మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయాలి. వీటిలో ఏ ఒక్కటి జారినా వెనుక ఉన్నవన్నీ జారిపోతాయి.

సాఫ్ట్‌వేర్‌గా ఫ్రాపేను తీసుకున్నాను. ఫారాలు, అనుమతులు, పనుల వరుసలు మనమే అమర్చుకోగల వేదిక ఇది. ఈఆర్‌పీనెక్స్ట్ (వ్యాపార లెక్కలు, పనులు నడిపే సాఫ్ట్‌వేర్) వాడేవారి దగ్గర ఇది ఇప్పటికే ఉంటుంది, ఎందుకంటే దాని పునాదే ఫ్రాపే. ముంబయికి చెందిన కంపెనీ తయారుచేసినది, సోర్సు బహిరంగంగా దొరుకుతుంది, సొంత సర్వరులో పెట్టుకుంటే లైసెన్సు రుసుము లేదు. మీరు సేల్స్‌ఫోర్స్, సర్వీస్‌నౌ, జిరా లాంటివి వాడుతుంటే మెనూల పేర్లు మారతాయి గానీ ఆలోచన ఇదే. కింద చెప్పిన మొదటి, ఏడవ, పదవ మెట్లు మీకూ పనికొస్తాయి.

కావలసినవి

- సిస్టమ్ మేనేజర్ హక్కు, అంటే అమరికలు మార్చగల హక్కు ఉన్న ఒక లాగిన్.
- ఆఫీసులో పనిచేసే ప్రతి మనిషికీ విడి లాగిన్. “మా ముగ్గురికీ ఒకటే పాస్‌వర్డ్” అనే ఆఫీసు అయితే ముందు ఆ అలవాటు మాన్పించండి. ఒకే లాగిన్ మీద ఆమోదం అనే మాటకు అర్థం లేదు.
- బయటికి ఈమెయిలు పంపగలిగేలా అమర్చిన ఖాతా.
- ఇప్పటికే ముగిసిపోయిన ఒక చెక్కు కేసు కట్ట. పరీక్ష దానితోనే చేస్తాం. కల్పించిన కేసుతో చేస్తే అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి.
- వీలైతే పరీక్షకు ఒక విడి సైటు, అంటే అదే సాఫ్ట్‌వేర్‌కు ఇంకో కాపీ. ఎందుకో అయిదో మెట్టులో చెబుతాను.

1. ముందు కాగితం మీద గీయండి

కంప్యూటర్ తెరవకండి. ఒక తెల్లకాగితం మీద కేసు ఏయే చేతులు మారుతుందో రాయండి. నేను సాధారణంగా పెట్టే దశలు ఇవి: కాగితాలు అందాయి, నోటీసు ముసాయిదా, నోటీసు పరిశీలన, పోస్టు చేయాలి, గడువు నడుస్తోంది, ఫిర్యాదు ముసాయిదా, ఫిర్యాదు పరిశీలన, దాఖలు చేయాలి, దాఖలైంది, డబ్బు అందింది. మొత్తం పది.

ప్రతి దశ పక్కనా ఒక్క మనిషి హోదా మాత్రమే రాయాలి. “జూనియర్ లేదా గుమాస్తా” అని రాయాల్సి వచ్చిందంటే అక్కడ రెండు దశలు కలిసిపోయాయని అర్థం. విడదీయండి. అలాగని ప్రతి చిన్న పనికీ ఒక దశ పెట్టకండి. జిరాక్సు తీయించడం, కవరు మీద చిరునామా రాయడం దశలు కావు. ఒక ఆఫీసులో పాతిక దశలు గీశారు. నెల తిరిగేసరికి కేసులన్నీ మూడో దశలో ఆగిపోయి కనిపించాయి. పని మాత్రం బయట మామూలుగానే జరిగిపోతోంది. బటన్లు నొక్కే ఓపిక ఎవరికీ లేదు.

2. రోల్స్, యూజర్లు

రోల్ అంటే సాఫ్ట్‌వేర్‌లో మనిషి హోదా. రోల్ లిస్టులోకి వెళ్లి మూడు కొత్త రోల్స్ చేయండి: గుమాస్తా, జూనియర్, సీనియర్. తర్వాత ప్రతి యూజర్‌కూ ఒక్కటే ఇవ్వండి. “సీనియర్ గారికి అన్నీ ఉండాలి కదా” అని మూడూ ఇచ్చేయాలనిపిస్తుంది. ఆగండి. అన్ని రోల్స్ ఉన్న మనిషికి అన్ని దశల్లోనూ బటన్లు కనిపిస్తాయి. హడావుడిలో గుమాస్తా పని కూడా ఆయనే నొక్కేస్తారు, పోస్టు నంబరు ఎవరూ చూడరు. జూనియర్‌కు సీనియర్ రోల్ కూడా ఇవ్వడం అంతకంటే ప్రమాదం.

3. కేసు ఫారం తయారీ

డాక్‌టైప్ (ఫ్రాపేలో ఫారం నమూనాకు పేరు) లిస్టులో కొత్తది తెరిచి చెక్కు కేసు ఫారం చేయండి. ఉండాల్సిన ఫీల్డులు: కక్షిదారు పేరు, చెక్కు ఇచ్చినవారి పేరు, చిరునామా, చెక్కు నంబరు, చెక్కు తేదీ, చెక్కు మొత్తం, రిటర్న్ మెమో (చెక్కు తిరిగి వచ్చిందని బ్యాంకు ఇచ్చే చీటీ) అందిన తేదీ, నోటీసుకు చివరి తేదీ, పోస్టు ట్రాకింగ్ నంబరు, నోటీసు అందిన తేదీ, 15 రోజులు తీరే తేదీ, ఫిర్యాదుకు చివరి తేదీ, వెనక్కి పంపిన కారణం, ఫైలింగ్ నంబరు.

ఇక్కడ మూడు జాగ్రత్తలు.

లేబుల్ తెలుగులో పెట్టుకోండి, కానీ లోపలి పేరు, అంటే నేమ్ గడి, చేత్తో ఇంగ్లిష్ అక్షరాల్లో ఇవ్వండి. తర్వాత నిబంధనలు రాసేటప్పుడు వాడాల్సింది ఆ లోపలి పేరే. లేబుల్ రాస్తే పనిచేయదు.

ట్రాక్ చేంజెస్ గడిలో టిక్కు పెట్టండి. ఎవరు ఎప్పుడు ఏ అంకె మార్చారో అప్పుడే నమోదవుతుంది. ఇది లేని ఆమోదానికి సాక్ష్యం ఉండదు.

ఈజ్ సబ్మిటబుల్ అనే గడిని మాత్రం వదిలేయండి. సబ్మిట్ అయిన పత్రం తాళం పడిపోతుంది, మళ్లీ ముసాయిదాగా మారదు. బిల్లులకు అది మంచిదే. కేసుకు దాఖలు తర్వాతే అసలు కథ మొదలవుతుంది. వాయిదాలు, నంబర్లు ఎక్కించుకుంటూనే ఉండాలి.

ఫారంలోని అనుమతుల పట్టికలో మూడు రోల్స్‌కూ చదివే, రాసే హక్కులు ఇవ్వండి. కొత్త కేసు సృష్టించే హక్కు గుమాస్తాకు ఒక్కరికే ఇవ్వండి. దీని వెనుక ఒక లెక్క ఉంది, ఆరో మెట్టులో తేలుతుంది.

4. దశల పేర్లు, బటన్ల పేర్లు

వర్క్‌ఫ్లో అంటే దశల వరుస. వర్క్‌ఫ్లో స్టేట్ లిస్టులో మీ పది దశలనూ, వర్క్‌ఫ్లో యాక్షన్ మాస్టర్ లిస్టులో బటన్ల పేర్లనూ నమోదు చేయండి. బటన్లు: జూనియర్‌కు అప్పగించు, పరిశీలనకు పంపు, ఆమోదించు, వెనక్కి పంపు, పోస్టు అయింది, గడువు తీరింది, దాఖలు చేశాం, డబ్బు ముట్టింది.

దశ పేరు కేసు ఎక్కడుందో చెప్పాలి, బటన్ పేరు ఏం చేయాలో, ఏం జరిగిందో చెప్పాలి. ఈ ఒక్క సూత్రం పాటిస్తే ఎవరూ తికమకపడరు. “ఆమోదం” అని దశకూ బటన్‌కూ ఒకే పేరు పెట్టిన చోట, కేసు ఆమోదం పొందిందా, ఆమోదం కోసం చూస్తోందా అని రోజూ వాదన జరిగేది.

తెలుగులో పేర్లు పెట్టేవారికి ఎదురయ్యే చిక్కు ఒకటుంది. “డ్రాఫ్ట్‌లో” అని టైపు చేసినప్పుడు కొన్ని కీబోర్డులు ట, ల మధ్య కంటికి కనిపించని ఒక గుర్తును చేర్చుతాయి. కొన్ని చేర్చవు. ఆ రెండూ కంప్యూటర్‌కు వేర్వేరు మాటలు. తర్వాత నిబంధనలో అదే పేరును మళ్లీ టైపు చేస్తే, తెరమీద ఒత్తులో ఉన్న చిన్న తేడాను గమనించకపోతే, నిబంధన ఎందుకు పనిచేయలేదో అర్థం కాదు. నేనొకసారి దీని వెంట ఒక పూట తిరిగాను. అందుకే “ముసాయిదా”, “పరిశీలన” లాంటి నిఖార్సైన మాటలు పెట్టుకోండి. పేరును ఎక్కడ వాడాల్సి వచ్చినా మళ్లీ టైపు చేయకుండా కాపీ చేసి అతికించండి.

5. వర్క్‌ఫ్లో: దశల పట్టిక

వర్క్‌ఫ్లో లిస్టులో కొత్తది తెరిచి, డాక్యుమెంట్ టైపుగా మీ చెక్కు కేసు ఫారాన్ని ఎంచుకోండి. కొత్త వెర్షన్లలో బొమ్మ గీసినట్టు అమర్చే బిల్డర్ కూడా ఉంది. నాకు పట్టికే నచ్చుతుంది, కంటికి మొత్తం ఒకేసారి ఆనుతుంది.

దశల పట్టికలో పదింటినీ వరుసగా చేర్చండి. మొదటి వరుసలో ఉన్నదే కొత్త కేసుకు తొలి దశ అవుతుంది కాబట్టి “కాగితాలు అందాయి” పైనుండాలి. డాక్ స్టేటస్ అన్నింటికీ సున్నా, అంటే సబ్మిట్ కాని పత్రం. ఓన్లీ అలౌ ఎడిట్ ఫర్ గడిలో ఆ దశలో దిద్దే హక్కు ఎవరిదో ఆ రోల్ పెట్టండి. ముసాయిదాలు జూనియర్‌వి, పరిశీలనలు సీనియర్‌వి, పోస్టు, దాఖలు గుమాస్తావి. గడువు నడుస్తున్న దశ మాత్రం సీనియర్ చేతిలో ఉంచండి. కారణం ఏడో మెట్టులో ఉంది.

రెండు హెచ్చరికలు. ఒక ఫారానికి ఒక్క వర్క్‌ఫ్లోనే నడుస్తుంది. రెండోదాన్ని క్రియాశీలం చేస్తే మొదటిది దానంతటదే ఆగిపోతుంది. ప్రయోగం చేద్దామని నడుస్తున్న సైటులో కొత్తది పెడితే ఆఫీసంతా ఆగినట్టే. విడి సైటు ఉండాలన్నది అందుకే. ఇక రెండోది: వాడుక మొదలయ్యాక దశ పేరు మార్చకండి. పాత పేరుతో ఉన్న కేసులు ఏ బటనూ లేకుండా నిలబడిపోయే అవకాశం ఉంది.

6. ఎవరు ఏ బటన్ నొక్కాలి

ట్రాన్సిషన్ల (దశ మార్పుల) పట్టికలో ఒక్కో వరుస ఒక్కో బటన్. ఇలా నింపండి:

- కాగితాలు అందాయి → జూనియర్‌కు అప్పగించు → నోటీసు ముసాయిదా (గుమాస్తా)
- నోటీసు ముసాయిదా → పరిశీలనకు పంపు → నోటీసు పరిశీలన (జూనియర్)
- నోటీసు పరిశీలన → ఆమోదించు → పోస్టు చేయాలి (సీనియర్)
- నోటీసు పరిశీలన → వెనక్కి పంపు → నోటీసు ముసాయిదా (సీనియర్)
- పోస్టు చేయాలి → పోస్టు అయింది → గడువు నడుస్తోంది (గుమాస్తా)
- గడువు నడుస్తోంది → గడువు తీరింది → ఫిర్యాదు ముసాయిదా (సీనియర్)
- గడువు నడుస్తోంది → డబ్బు ముట్టింది → డబ్బు అందింది (సీనియర్)
- ఫిర్యాదు ముసాయిదా → పరిశీలనకు పంపు → ఫిర్యాదు పరిశీలన (జూనియర్)
- ఫిర్యాదు పరిశీలన → ఆమోదించు → దాఖలు చేయాలి (సీనియర్)
- ఫిర్యాదు పరిశీలన → వెనక్కి పంపు → ఫిర్యాదు ముసాయిదా (సీనియర్)
- దాఖలు చేయాలి → దాఖలు చేశాం → దాఖలైంది (గుమాస్తా)

“వెనక్కి పంపు” వరుస మరచిపోవడం అన్నిటికంటే సాధారణమైన పొరపాటు. అది లేకపోతే సీనియర్‌కు రెండే దారులు: తప్పున్నా ఆమోదించడం, లేదా కేసును అక్కడే వదిలేసి జూనియర్‌ను గదిలోకి పిలవడం. రెండోదే జరుగుతుంది, ఆ మాటలు ఎక్కడా నమోదు కావు.

ఆమోదించు వరుసల్లో అలౌ సెల్ఫ్ అప్రూవల్ టిక్కు తీసేయండి. అది మొదటినుంచీ పెట్టి ఉంటుంది. తీసేస్తే కేసు సృష్టించినవారు దాన్ని తామే ఆమోదించలేరు. ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా గమనించండి: సాఫ్ట్‌వేర్ చూసేది కేసును మొదట తెరిచింది ఎవరన్నదే, ముసాయిదా రాసింది ఎవరన్నది కాదు. గుమాస్తా తెరిచిన కేసులో జూనియర్ నోటీసు రాశారనుకోండి. ఆ జూనియర్‌కు సీనియర్ రోల్ కూడా ఉంటే తన నోటీసును తానే ఆమోదించుకోవచ్చు. సెల్ఫ్ అప్రూవల్ తాళం దాన్ని ఆపదు. ఆపగలిగేది రోల్స్ విడిగా ఉంచడం ఒక్కటే. అటువైపు సీనియరే కేసు తెరిచేస్తే ఆమోదించు బటన్ ఆయనకే కనిపించదు. కొత్త కేసు తెరిచే హక్కు గుమాస్తాకే ఇమ్మన్నది ఈ రెండు చిక్కులూ తప్పించడానికి.

సీనియర్ ఊరెళ్తే? భాగస్వామి లాయరు కోసం నాలుగో రోల్ చేసి, ఆమోదించు, వెనక్కి పంపు వరుసలను ఆ రోల్‌తో మరోసారి చేర్చండి. పరిశీలన దశలో అంకెలు ఎక్కించాల్సి ఉంటుంది కాబట్టి దిద్దే హక్కు వారికీ అందేలా చూడండి. సీనియర్ పాస్‌వర్డ్ ఇచ్చిపోవడం ప్రత్యామ్నాయం కాదు.

7. ఆమోదానికి తాళం వేయండి

ఇప్పటిదాకా చేసింది బటన్ ఎవరిదో చెప్పడం. బటన్ ఎప్పుడు కనిపించాలో చెప్పడం అసలు పని. ప్రతి ట్రాన్సిషన్‌కూ కండిషన్ అనే గడి ఉంటుంది. అందులో రాసిన షరతు నెరవేరితేనే బటన్ కనిపిస్తుంది.

నోటీసులో అడిగే చెక్కు మొత్తం అక్షరాలా చెక్కు మీద ఉన్నదే కావాలి. ఒక్క అంకె తారుమారైతే కేసు పునాదికే ఎసరు. సీనియర్ తెరమీద చూసి “సరే” అనడం తనిఖీ కాదు. జూనియర్ టైపు చేసిన అంకెనే కన్ను మళ్లీ చదువుతుంది. అందుకని ఫారంలో ఇంకో ఫీల్డు పెట్టండి: “సీనియర్ సరిచూసిన మొత్తం”. దాని పర్మ్ లెవెల్ (ఫీల్డుకు విడిగా ఉండే అనుమతి స్థాయి) 1 చేయండి. రోల్ అనుమతుల్లో లెవెల్ ఒకటికి రాసే హక్కు సీనియర్‌కే, మిగిలినవారికి చదివే హక్కు. ఆమోదించు వరుస కండిషన్‌లో రెండు మొత్తాలూ సమానమై ఉండాలనీ, సున్నా కాకూడదనీ రాయండి. ఇప్పుడు సీనియర్ అసలు చెక్కు చేతిలో పట్టుకుని అంకె తానే కొట్టాలి. జూనియర్ 1,85,000 అని కొట్టి, చెక్కు మీద 1,58,000 ఉంటే ఆమోదించు బటన్ పుట్టనే పుట్టదు. ఇదే షరతును “పోస్టు అయింది” వరుసకూ పెడితే, ఆమోదం తర్వాత ఎవరైనా మొత్తం మార్చినా కేసు ముందుకు కదలదు.

ఇలాగే “పోస్టు అయింది”కి ట్రాకింగ్ నంబరు నిండి ఉండాలి, “వెనక్కి పంపు”కి కారణం నిండి ఉండాలి, “దాఖలు చేశాం”కి ఫైలింగ్ నంబరు నిండి ఉండాలి. ఫీల్డును తప్పనిసరి చేస్తే చాలదా అంటారు. మొదటి రోజునుంచీ తప్పనిసరి చేస్తే గుమాస్తా కేసు తెరవడానికే ఏదో ఒక చుక్క పెట్టేస్తారు. షరతు బటన్ మీద ఉంటే అవసరమైన రోజునే అడుగుతుంది.

తేదీల సంగతి కొంచెం నిదానంగా చూద్దాం. రిటర్న్ మెమో 2026 మార్చి 5న అందిందనుకోండి. ఆ రోజు లెక్కలోకి రాదు. 6వ తేదీ ఒకటో రోజు, ఏప్రిల్ 4 ముప్ఫయ్యో రోజు. నోటీసు మార్చి 24న అందితే, 25 నుంచి లెక్కపెట్టాలి. పదిహేనో రోజు ఏప్రిల్ 8. ఫిర్యాదు హక్కు 9న పుడుతుంది. ఆ రోజును వదిలేసి ఒక నెల, అంటే మే 9 దాకా. ఇక్కడ నెల అంటే క్యాలెండరు నెల, ముప్ఫై రోజులు కాదు. 2026 మే 9 రెండో శనివారం, మర్నాడు ఆదివారం. సెలవు తర్వాత సోమవారం వేయవచ్చనే వాదన చేతిలో ఉన్నా, ఫారంలో మాత్రం మే 8 అనే రాసుకోండి. ఈ సెలవుల తెలివి సాఫ్ట్‌వేర్‌కు దానంతటదే రాదు. అందుకే తేదీలను యంత్రానికి వదిలేయకుండా సీనియర్ చేత రాయించమంటాను. నోటీసు తలుపు తాళం అని తిరిగి వస్తే ఏ తేదీన అందినట్టు లెక్కించాలన్నది కూడా న్యాయపరమైన నిర్ణయం, గుమాస్తా తేల్చేది కాదు. “నోటీసు అందిన తేదీ”, ఆ తర్వాతి రెండు తేదీలకూ పర్మ్ లెవెల్ 1 పెట్టండి. గడువు దశను సీనియర్ చేతిలో ఉంచమన్నది అందుకే.

“గడువు తీరింది” బటన్‌కు 15 రోజులు తీరే తేదీ దాటి ఉండాలనే షరతు తప్పక పెట్టండి. ఆ 15 రోజులు తీరకముందే వేసిన ఫిర్యాదు చెల్లదని సుప్రీంకోర్టు 2014లో తేల్చి చెప్పింది. ఆలస్యానికి కారణం చూపి క్షమించమని అడిగే వీలు చట్టంలో ఉంది గానీ తొందరకు అలాంటి మందు లేదు.

8. పని ఎవరి బల్ల మీద పడాలి

దశ మారినంత మాత్రాన ఎవరికీ పని అందదు. అసైన్‌మెంట్ రూల్ లిస్టులో రోల్‌కు ఒకటి చొప్పున మూడు రూల్స్ చేయండి. ఉదాహరణకు సీనియర్ రూల్: దశ “నోటీసు పరిశీలన”, “ఫిర్యాదు పరిశీలన”, “గడువు నడుస్తోంది”లలో ఏదైనా అయితే అప్పగించు. ఇద్దరు ముగ్గురు జూనియర్లుంటే రౌండ్ రాబిన్ పెడితే వంతులవారీగా పడుతుంది. డ్యూ డేట్ గడిలో చివరి తేదీ ఫీల్డును ఎంచుకోండి. రోజుల పట్టికలో ఆదివారం కూడా చేర్చండి, లేకపోతే ఆదివారం ఇంటినుంచి పంపిన కేసు ఎవరికీ అందదు.

ఇక్కడే ఎక్కువమంది జారతారు. వర్క్‌ఫ్లో కండిషన్‌లో ఫీల్డు పేరుకు ముందు డాక్ అనీ చుక్కా (doc.) పెట్టాలి. అసైన్‌మెంట్ రూల్‌లో అవి ఉండకూడదు, ఫీల్డు పేరు ఒక్కటే. ఒకచోటిది ఇంకోచోట అతికిస్తే పనిచేయదు.

రెండోది: కేసు ఇప్పటికే ఒకరి పేరు మీద ఉంటే కొత్త రూల్ దాన్ని మరొకరికి ఇవ్వదు. కాబట్టి ప్రతి రూల్‌లోనూ అన్‌అసైన్ కండిషన్ నింపాలి: దశ ఈ మూడింటిలో ఏదీ కాకపోతే తీసేయి. పక్కనే క్లోజ్ కండిషన్ కూడా ఉంటుంది, పేరు చూసి అందరూ అదే నింపుతారు. చేయి మారడానికి వాడాల్సింది అన్‌అసైన్. క్లోజ్ చివరి దశకే. మధ్యలో ఎవరైనా చేత్తో కేసును ఇంకొకరికి అప్పగించినా రూల్ దాన్ని తొలగించదు, వరుస అక్కడ తెగుతుంది. మా వాళ్లకు చేత్తో అప్పగించవద్దని గట్టిగా చెబుతాను.

9. గడువు గుర్తులు

నోటిఫికేషన్ లిస్టులో డేస్ బిఫోర్ రకం ఎంచుకుని, నోటీసు చివరి తేదీకి 10 రోజుల ముందు ఒకటి, 3 రోజుల ముందు ఒకటి పెట్టండి. ఫిర్యాదు తేదీకీ అంతే. షరతు కూడా రాయండి: కేసు ఇంకా ఆ దశ దాటకపోతేనే. షరతు లేకపోతే ఎప్పుడో దాఖలైన కేసులకూ మెయిళ్లు వస్తుంటాయి, రెండు వారాల్లో అందరూ వాటిని చదవడం మానేస్తారు.

సొంత సర్వరులో నడిపేవారు షెడ్యూలర్ (వేళకు పనులు నడిపే భాగం) ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. అది ఆగి ఉంటే ఈ గుర్తులేవీ రావు. తప్పు జరిగిందన్న సందేశమూ రాదు.

10. పరీక్ష: కాదనిపించుకుని చూడాలి

మొదటిసారి నేను చేసిన తప్పు చెబుతాను. అంతా అమర్చి, అడ్మినిస్ట్రేటర్ లాగిన్‌తో కేసును మొదటి దశ నుంచి చివరిదాకా నడిపించి, బ్రహ్మాండంగా ఉందని చెప్పి వచ్చేశాను. సోమవారం పొద్దున్నే ఫోను: “సార్, జూనియర్‌కు ఒక్క బటన్ కూడా లేదు.” జూనియర్ రోల్‌కు ఫారంలో రాసే హక్కే ఇవ్వలేదు. అడ్మినిస్ట్రేటర్‌కు రోల్స్, సెల్ఫ్ అప్రూవల్ తాళం ఏవీ అడ్డురావు. ఆ లాగిన్‌తో చేసిన పరీక్ష పరీక్షే కాదు.

పాత కట్ట తీసుకోండి. గుమాస్తా, జూనియర్, సీనియర్ ముగ్గురినీ తమ తమ కంప్యూటర్ల దగ్గర కూర్చోబెట్టండి. కేసును సవ్యంగా ఒకసారి నడపండి. తర్వాత ఈ అడ్డదారులన్నీ ప్రయత్నించండి. ప్రతిదానికీ జవాబు “కుదరదు” అని రావాలి.

- జూనియర్ తన ముసాయిదాను తానే ఆమోదించడం.
- మొత్తంలో ఒక అంకె మార్చి సీనియర్ ఆమోదించడం.
- ఆమోదం తర్వాత గుమాస్తా మొత్తం మార్చి “పోస్టు అయింది” నొక్కడం.
- ట్రాకింగ్ నంబరు లేకుండా ముందుకు పంపడం.
- 15 రోజులు తీరే తేదీని రేపటికి పెట్టి “గడువు తీరింది” నొక్కడం.
- కారణం రాయకుండా వెనక్కి పంపడం.
- లిస్టులో అయిదు కేసులు ఎంచుకుని ఒకేసారి ఆమోదించడం. ఇది షరతులు నెరవేరినవాటికే కుదరాలి.

ఆపైన కేసు అడుగున ఉన్న చరిత్ర చదవండి. ప్రతి మార్పు పక్కనా సరైన మనిషి పేరు ఉందా? ప్రతి దశలోనూ సరిగ్గా ఒక్కరి పేరు మీదే పని పడిందా? ఇద్దరి పేరు మీద ఉన్నా, ఎవరి పేరు మీదా లేకపోయినా ఎనిమిదో మెట్టుకు వెనక్కి వెళ్లండి.

తరచూ వచ్చే ఫిర్యాదులు

“బటన్ కనిపించడం లేదు.” ఈ వరుసలో వెతకండి: ఫారంలో ఏదో మార్చి సేవ్ చేయకుండా ఉన్నారా (సేవ్ అయ్యేదాకా బటన్లు రావు), ఆ రోల్ ఉందా, రోల్‌కు రాసే హక్కుందా, షరతు నెరవేరిందా, కేసు తెరిచింది తామేనా. పదిలో ఏడుసార్లు మొదటిదే కారణం. షరతు వల్ల బటన్ దాక్కున్నప్పుడు ఎందుకో సాఫ్ట్‌వేర్ చెప్పదు కాబట్టి, ఫీల్డు కింద వివరణ గడిలో “ఇది నింపితేనే బటన్ వస్తుంది” అని ఒక వాక్యం రాసి పెట్టండి. ఫోన్లు తగ్గుతాయి.

“ఇద్దరు ఒకేసారి ఆమోదించాలి.” కేసు ఒక సమయంలో ఒకే దశలో ఉంటుంది, సమాంతర దశలు లేవు. ఇద్దరికీ చెరో టిక్కు గడి ఇచ్చి, రెండూ పడితేనే బటన్ వచ్చేలా షరతు రాయండి. నన్నడిగితే ఒకరి తర్వాత ఒకరుగా పెట్టుకోవడమే మేలు. ఇద్దరు చూస్తారంటే ఒక్కరూ సరిగ్గా చూడరు.

“ఇంత అవసరమా, పనుల జాబితా చాలదా?” నెలకు రెండు మూడు చెక్కు కేసులు వచ్చే ఆఫీసుకు చాలు. ఈఆర్‌పీనెక్స్ట్‌లో టాస్క్‌కు డిపెండ్స్ ఆన్ పట్టిక ఉంది. ముందు పని ముగియకుండా వెనుక పనిని ముగించనివ్వదు. ప్రాజెక్ట్ టెంప్లేట్ ఒకటి చేసుకుంటే కొత్త కేసుకు పనులన్నీ ఒకేసారి పుడతాయి. అందులో లేనిది ఆమోదం: జూనియర్ తన పనిని తానే ముగిసిందని చెప్పుకోవచ్చు.

“పాత కేసులను ఏం చేయాలి?” వర్క్‌ఫ్లో సేవ్ చేయగానే దశ లేని పాత కేసులన్నీ మొదటి దశలోకి పడతాయి. దాఖలై ఏడాదైన కేసు కూడా “కాగితాలు అందాయి” అని కనిపిస్తుంది. వందలోపు ఉంటే ఒక శనివారం కూర్చుని కట్టలు చూస్తూ సరైన దశలోకి మార్చండి. ఎక్కువుంటే డేటా ఇంపోర్టుతో మార్చాలి, ముందు బ్యాకప్ తీసుకుని. ఈ పని పూర్తయ్యేదాకా తొమ్మిదో మెట్టు నోటిఫికేషన్లను ఆపి ఉంచండి.